రత్నక్క కరివేపాకు పరీక్ష

టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో ఉండే రత్నకుమారి కరివేపాకు రెబ్బ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీలిస్తే చాలు, ఆ రెబ్బ ఏ ఊళ్ళో కొన్నదో ఆ ఊళ్ళో ఇళ్ళ ధరలు వచ్చే ఏడు ఎంతకు పోతాయో చెప్పేసేది. ధరలే కాదు, ఏ వీధిలో ఏ ఇల్లు అమ్మకానికి వస్తుందో, అమ్మే తెల్లాయన పెళ్ళాంతో ఎందుకు పోట్లాడాడో కూడా చెప్పేది. వడ్డీ రేట్లు పెంచే పెద్దమనుషులు మీటింగుకు ముందు ఆవిడ పెరటి కంచె మీదుగా తొంగిచూసి, పోపు వాసన ఎటు వీస్తోందో కనుక్కుని మరీ వెళ్ళేవారట. ఆ కంచెలో ఒక చెక్క ఇప్పటికీ వంగే ఉంది. సాక్ష్యం కావలసినవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు.

ఈ విద్య ఆవిడకు ఏ కాలేజీలోనూ అబ్బలేదు. చదువు చివరిదాకా చదివినవాళ్ళకు ఇలాంటివి తట్టవు, వాళ్ళు ఎక్సెల్ షీటు తెరిచి అందులోనే మునిగి చస్తారు. రత్నకుమారిది తెనాలి. ఇంటర్ మధ్యలో పెళ్ళయిపోయింది. వాన్‌లో ఊరంత గోడౌన్ ఒకటి ఉంటే, అందులో ప్యాకింగ్ లైనుకు ఆవిడ లీడ్. ఆవిడ అటు నడిచి వస్తుంటే అట్టపెట్టెలు భయపడి వాటంతట అవే మూతలు వేసుకునేవని ఆ లైన్లో పనిచేసినవాళ్ళు ప్రమాణం చేస్తారు. భర్త వీరభద్రం స్కూల్ బస్సు నడుపుతాడు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే బస్సు ఆగాలి, స్టాప్ బోర్డు తెరుచుకోవాలి, వెనక బండ్లన్నీ నిలబడాలి. కూతురు చరిత యూనివర్సిటీలో చదువుతోంది. వరస ఇళ్ళలో చివరి ఇల్లు వాళ్ళది. మొగుడూ పెళ్ళాం ఒళ్ళు హూనం చేసుకుని కొనుక్కున్నది.

కరోనా తగ్గుముఖం పట్టాక స్టూడెంట్లు దిగడం మొదలైంది కదా, ఆ రోజులివి. టొరంటోలో దిగే ప్రతి విమానంలోనూ మనుషుల కన్నా ఆవకాయ సీసాలే ఎక్కువ. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్లు నిండిపోయాయి, గరాజ్‌లు నిండిపోయాయి. ఒకాయన బాత్‌టబ్‌కు కూడా అద్దె బోర్డు పెట్టాడని, సాయంత్రానికల్లా అది కూడా పోయిందని అంటారు. దాంతో మన తెలుగువాళ్ళకు ఒకటే ఊపు వచ్చింది. ఏదో ఒక చిన్న ఊళ్ళో ఇల్లు కొనడం, గదికొకరిద్దరు స్టూడెంట్లను పెట్టడం. ఇంతకుముందు బర్త్‌డే పార్టీల్లో పిల్లల మార్కుల గురించి కొట్టుకునేవాళ్ళు, ఇప్పుడు ఊళ్ళ పేర్లతో కొట్టుకుంటున్నారు. లండన్ (ఇంగ్లండుది కాదు, కెనడాలోదే) అని ఒకరు, విండ్సర్ అని ఒకరు, సడ్బరీ అని ఇంకొకరు. సడ్బరీ అన్నాయన ఆ ఊరు మ్యాపులో తప్ప ఎక్కడా చూడలేదు.

రత్నకుమారి కూడా కొనాలనుకుంది. మోకాళ్ళు అరిగిపోతున్నాయి, ఇంకెన్నాళ్ళు ఆ సిమెంటు నేల మీద నిలబడుతుంది? అయితే చేతిలో ఉన్నది చాలదు. ఉంటున్న ఇంటి మీద లోన్ తీయాలి. అంటే అక్కడ కొన్న ఇల్లు నిండితే ఇక్కడి ఇల్లు నిలుస్తుంది. అది నిండకపోతే ఇది పోతుంది. ఈ ఒక్క ముక్క వీరభద్రం వంటగదిలో నిలబడి, బస్సు ఆపినంత పని చేసి మరీ చెప్పాడు.

"నాకు తెలుసండీ. అందుకే ఊరు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా," అంది రత్నకుమారి.

"కిటుకు మా అక్క దగ్గరుంది బావా, నువ్వు నిమ్మళంగా ఉండు," అన్నాడు మల్లికార్జున్, పెరుగన్నంలో నిమ్మకాయ పచ్చడి నంజుకుంటూ.

మల్లికార్జున్ సంగతి చెప్పుకోవాలి. అనంతపురం కుర్రాడు. కరోనాకు చాలా ముందే స్టూడెంటుగా వచ్చి, అద్దె దొరక్క ఈ ఇంటి బేస్‌మెంట్లో చాప వేసుకున్నాడు. వారం రోజులని వచ్చి చలికాలాలు గడిపేశాడు. టైఫాయిడ్ వస్తే రత్నకుమారి గంజి కాచి పోసింది. అక్కా అక్కా అని వెనకే తిరిగేవాడు. ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్ లైసెన్సు వచ్చిన రోజున ఫొటో దిగడానికి వీరభద్రం కోటే వేసుకెళ్ళాడు. ఆ ఫొటో ఇప్పుడు వాన్‌లో బస్ స్టాపు బెంచీలన్నిటి మీదా ఉంది. జనం మల్లి మొహం మీద కూర్చుని బస్సు కోసం చూస్తుంటారు. పెళ్ళయింది, చంటిబిడ్డ పుట్టింది, అయినా ఆదివారం పెరుగన్నానికి అక్క ఇంటికే.

ఆ పూట రత్నకుమారి తన కిటుకు బయటపెట్టింది.

"కొత్తిమీర అందరూ కొంటారు. పచ్చిమిరపకాయలు అందరూ కొంటారు. కరివేపాకు మాత్రం మన వైపు వాళ్ళే కొంటారు. అవునా? ఏ ఊళ్ళో అయినా ఇండియన్ స్టోర్‌కి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళండి. కరివేపాకు కుప్పగా పడుండి నల్లబడిపోతుంటే ఆ ఊళ్ళో మన పిల్లలు లేరని. అడిగితే 'అయిపోయింది ఆంటీ' అన్నాడనుకోండి, ఆ ఊళ్ళో మన పిల్లలు కిటకిటలాడుతున్నారని. ఇల్లు కొనాల్సింది అక్కడే."

చరిత ల్యాప్‌టాప్ మీంచి తలెత్తింది. "అమ్మా, దట్ ఈజ్ నాట్ డేటా."

"డేటా కాదమ్మా, డైమండ్ అది!" అన్నాడు మల్లి. "అక్కా, దీన్ని గ్రూపులో పెట్టు. జనాలు పడి చస్తారు."

పెట్టింది. జనాలు పడి చచ్చారు. వాన్ తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ ఇక్కడి నుంచి ఎడ్మంటన్ దాకా, అక్కడి నుంచి ఆస్ట్రేలియా దాకా పాకింది. అక్కడెవరో టూవూంబా అనే ఊళ్ళో ఇదే పరీక్ష పెట్టి రెండిళ్ళు కొన్నారని వార్త కూడా తిరిగొచ్చింది. అప్పట్నుంచి రత్నకుమారి పేరు మారి రత్నక్క అయింది. ఎవరు ఎక్కడ ఇల్లు కొనాలన్నా ఒకటే మాట, "ముందు రత్నక్కను కొననీ, వెనకాలే మనం."

ముందు లండన్ వెళ్ళింది. ఆసుపత్రులున్నాయి, పెద్ద యూనివర్సిటీ ఉంది, చెట్లున్నాయి, ఊరు పెళ్ళికూతురిలా ఉంది. స్టోర్‌లో మాత్రం కరివేపాకు బుట్టలో సగం మిగిలి, చివర్లు ఎండి కనిపించింది. రత్నకుమారి పెదవి విరిచింది.

"ఇల్లు బాగుంది కదే," అన్నాడు వీరభద్రం.

"ఇల్లు బాగుంటే సరా? రెబ్బ చూశారా, వడిలిపోయింది."

ఆ పక్క ఆదివారం మల్లి కారులో విండ్సర్. నది ఒడ్డున నిలబడితే అవతల డెట్రాయిట్ మేడలు కనిపిస్తాయి. అమెరికాను అంత దగ్గరగా చూసేసరికి వీరభద్రం కూడా రెండు మాటలు మాట్లాడాడు. అక్కడి కార్ల ఫ్యాక్టరీల గురించి, రాబోయే బ్యాటరీ ఫ్యాక్టరీ గురించి మల్లి దారిపొడవునా ఊదరగొడుతూనే ఉన్నాడు. రత్నకుమారి చెవిన పెట్టలేదు. నేరుగా స్టోర్‌కి పోయింది.

"కరివేపాకు ఉందా బాబూ?"

"లేదాంటీ. నిన్న సాయంత్రమే క్లియర్ అయిపోయింది."

"మొత్తమా?"

"ఒక్క ప్యాకెట్టు మిగల్లేదు. ఈ మధ్య ప్రతి వారం ఇదే కథ. ఎంత తెప్పించినా ఆగట్లేదు."

ఖాళీ బుట్టలో అడుగున ఒకే ఒక ఆకు ఉంది. రత్నకుమారి దాన్ని రెండు వేళ్ళతో తీసి చూసింది. పచ్చగా, నిగనిగలాడుతోంది. మల్లి ఆవిడ వెనక చేతులు కట్టుకుని, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఒక్కసారి చూసి నమ్మకు అక్కా. మళ్ళీ వారం వద్దాం. నేనే తీసుకొస్తా," అన్నాడు.

ఎంత నిజాయితీ! ఆ మాటకే ఆవిడ సగం కొనేసింది. మళ్ళీ వారం వెళ్ళారు, లేదు. ఆ పై వారం వెళ్ళారు, లేదు. ఆ బుట్ట ఖాళీగా ఉన్నంత నున్నగా వీరభద్రం బట్టతల కూడా ఉండదు. నెల తిరక్కుండా కాలేజీకి దగ్గర్లో ఐదు గదుల పాత ఇటుక ఇల్లు రత్నకుమారి పేరు మీదికి వచ్చింది. ఇల్లు చూపించింది మల్లి, బేరం చేసింది మల్లి, సంతకాలు పెట్టించింది మల్లి. తాళాలు చేతికిస్తూ కాళ్ళకు దండం కూడా పెట్టాడు.

వెనకాలే గ్రూపు కదిలింది. రత్నక్క విండ్సర్‌లో కొన్నదట! శకుంతల కొన్నది, మీనాక్షి కొన్నది, ఎప్పుడూ ఎవరికీ రిప్లై ఇవ్వని కమలకుమారి కూడా కొన్నది. అందరికీ రియల్టర్ ఒక్కడే.

మొదటి ఏడాది ఇల్లు జాతరలా ఉంది. కరీంనగర్, నల్గొండ, ఏలూరు పిల్లలతో గదులన్నీ నిండాయి. రత్నకుమారి నెలకోసారి వెళ్ళి గోంగూర పచ్చడి ఇచ్చి వచ్చేది. గోడౌన్‌లో పని తగ్గించుకుందామా అని కూడా ఆలోచించింది.

ఆ తర్వాత ఒక జనవరిలో ప్రభుత్వం స్టూడెంట్ వీసాలకు కోత పెట్టింది. కుళాయి కట్టేసినట్టు అయింది. పాతవాళ్ళు చదువు అయిపోయి ఒక్కొక్కరే సూట్‌కేసు ఈడ్చుకుంటూ పోయారు, కొత్తవాళ్ళు రాలేదు. చివరికి ఆ ఇంట్లో మిగిలింది ధాత్రి ఒక్కతే. కరీంనగర్ పిల్ల, కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసుకుంటూ చదువుతోంది.

వేసవి మొదట్లో రత్నకుమారి వెళ్ళేసరికి ధాత్రి వంటింట్లో నూడుల్స్ ఉడకబెడుతోంది.

"నీ జూనియర్లు ఎవరన్నా వస్తారేమో కనుక్కున్నావా అమ్మా?"

"ఎవరొస్తరాంటీ? మా ఫ్రెండ్ చెల్లెకు వీసా రిజెక్టయింది. మా బావకు రిజెక్టయింది. ఇగ ఇటు దిక్కు ఎవరూ చూస్తలేరు."

రత్నకుమారి కుర్చీలో కూలబడింది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది, "పోనీలే. స్టోర్‌లో కరివేపాకు దొరుకుతోందా ఇప్పుడైనా?"

ధాత్రి నవ్వింది. "కరివేపాకా? అది ఎప్పుడూ ఉంటది ఆంటీ. మస్తుగ ఉంటది. ఎవరు కొంటరు?"

"అదేంటి? నేను వచ్చినప్పుడల్లా అయిపోయిందన్నాడే? ఇంతమంది పిల్లలున్నారుగా అప్పుడు!"

"అయ్యో ఆంటీ, పిల్లలు పోపు పెడ్తరా? షిఫ్ట్ నుంచి వచ్చి మ్యాగీ తిని పంటం. నేను మూడేండ్ల సంది ఇక్కడున్న, ఒక్క ప్యాకెట్ కొనలే."

తిరుగు దారిలో వీరభద్రం బండి నడుపుతుంటే రత్నకుమారి వేళ్ళ మీద ఆదివారాలు లెక్కపెట్టుకుంది. కారు లండన్ దాటుతుండగా వీరభద్రమే, "ఏంటే?" అన్నాడు. "ఏం లేదండీ" అంది. స్టూడెంట్లు కొనకపోతే ఆ ఆకంతా ఎవరు కొన్నట్టు? అది కూడా తను వెళ్ళిన ఆదివారాలకు ముందే? ఆ ప్రశ్నను ఆవిడ ఎటు తిప్పినా చివరికి ఒకే గుమ్మం ముందు నిలబడుతోంది. ఆ గుమ్మం ఎవరిదో పేరు పెట్టి అనుకోవడానికి మనసొప్పలేదు. వాడికి టైఫాయిడ్ వచ్చిన నాటి గంజి గిన్నె కళ్ళ ముందుకు వచ్చేది.

బ్యాంకు ఆగలేదు. విండ్సర్ ఇల్లు అమ్ముదామంటే అడిగేవాళ్ళు లేరు, గ్రూపులో కొన్నవాళ్ళందరూ ఒకేసారి అమ్మకానికి పెట్టారు మరి. చివరికి వాన్‌లో ఉంటున్న ఇంటి ముందే బోర్డు పాతారు. ఆ బోర్డు మీద కూడా నవ్వుతున్నది మల్లి మొహమే, వీరభద్రం కోటు వేసుకుని. గ్రూపులో శకుంతల ఒక మెసేజ్ పెట్టింది: "రత్నక్కను నమ్మి అందరం కూరలో కరివేపాకులమయ్యాం." దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. రత్నకుమారి ఫోను బోర్లా పెట్టి పనికి పోయింది.

సరిగ్గా అప్పుడే మల్లి, వాడి భార్య కావ్యశ్రీ బొట్టు పెట్టి పిలవడానికి వచ్చారు. వాన్‌లోనే పెద్ద ఇల్లు కొన్నారు. గృహప్రవేశం.

"ఆడపడుచువు నువ్వే అక్కా. పాలు నువ్వే పొంగించాల. మా అనంతపురం అక్కకు వీసా రాలే," అన్నాడు మల్లి. బోర్డు వైపు చూపు పోనివ్వకుండా, "మార్కెట్ అక్కా, ఎవరి చేతిలో ఉంది? మళ్ళీ లేస్తుంది," అని కూడా అన్నాడు.

ఇంటి ఆడపడుచు పాలు పొంగిస్తేనే ఆ ఇంట సిరి నిలుస్తుందని మనవాళ్ళ నమ్మకం. వెళ్ళనంటే తెగిపోతుంది. రత్నకుమారి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వెళ్ళింది.

కొత్త ఇంట్లో హోమం పొగకు అలారం మోగకుండా దానికి షవర్ క్యాప్ తొడిగారు. పంతులుగారు ఫోన్‌లో మరో ఇంటి ముహూర్తం మాట్లాడుతున్నారు. స్టవ్ మీద కొత్త ఇత్తడి గిన్నెలో పాలు సిద్ధంగా ఉన్నాయి. పక్కన కావ్యశ్రీ పులిహోర పోపుకు నూనె పోసి, చంకలో బిడ్డతో అటూ ఇటూ వెతుక్కుంటోంది.

"వదినా, కొంచెం కరివేపాకు తెచ్చిపెడతారా? బేస్‌మెంట్లో ఫ్రీజర్ ఉంది. పాత ఇంటి నుంచి అలాగే తెచ్చేశాం. బోలెడుంటుంది."

రత్నకుమారి మెట్లు దిగి ఫ్రీజర్ మూత ఎత్తింది.

అందులో ఐస్‌క్రీమ్ లేదు, బఠానీలు లేవు, ఏమీ లేవు. అడుగు నుంచి అంచు దాకా కరివేపాకు. ప్యాకెట్టు మీద ప్యాకెట్టు, మంచు పట్టి నల్లబడి, ఇటుకల్లా పేర్చి ఉంది. ఒక అడవి అడవినే నరికి పాతరేశారా అన్నట్టుంది. పైన ఉన్న ప్యాకెట్టు తీసి బొటనవేలితో మంచు తుడిచింది. విండ్సర్ స్టోర్ స్టిక్కర్.

వెనకే కావ్యశ్రీ దిగి వచ్చింది. "దొరికిందా వదినా? నవ్వకండి ఇది చూసి. కారప్పొడి చేశా, పచ్చడి చేశా, జుట్టుకు నూనె కాచా, అయినా తరగలేదు. అప్పట్లో మీ తమ్ముడు ప్రతి శనివారం విండ్సర్ వెళ్ళి గోనెసంచితో తెచ్చేవాడు. ఎందుకింత అంటే, 'రేపు ఆదివారం అక్క వస్తోంది' అనేవాడు. అంత ఇష్టం మీరంటే."

ఆ పిల్లకు ఏమీ తెలియదు. మొహంలో మురిపెం తప్ప మరేమీ లేదు.

పై నుంచి మల్లి గొంతు వినిపించింది. "అక్కా! ముహూర్తం వచ్చేసింది, రా!"

ఇక్కడి నుంచి ఏం జరిగిందనేది వాన్‌లో ఎవరిని అడిగితే వాళ్ళు ఒకటి చెబుతారు. ఫ్రీజర్ మొత్తం రెండు చేతులతో ఎత్తి పైకి తెచ్చి, హోమగుండంలో బోర్లించిందని శకుంతల చెబుతుంది. ఆ ఘాటుకు పంతులుగారు దగ్గు ఆపుకోలేక మంత్రం మరిచిపోయి, పెళ్ళి మంత్రాలు చదివేశారట. గడ్డకట్టిన ప్యాకెట్టుతో మల్లి చెంప వాయించిందని మీనాక్షి అంటుంది. ఆ చెంప మీద ఆకు అచ్చు ఇంకా ఉందట, అందుకే బస్ బెంచీల మీద ఫొటో మార్చాడట. ఎక్కువమంది నమ్మేది మాత్రం పాల కథ. ఆవిడ స్టవ్ దగ్గర నిలబడి పాల వంక చూసిందట. అంతే, కింద మంట భగ్గుమంటున్నా పాలు గడగడ వణికి, గిన్నె అడుక్కి దిగిపోయి, పొంగనంటే పొంగనని మొరాయించాయట. ఆవిడ స్టవ్ కట్టేసి, "ఈ ఇంట పాలు పొంగవు" అని, గుమ్మం దాటి వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఆ ఇంట్లో టీ కూడా కాగలేదట.

రత్నకుమారి ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్లో అద్దెకుంటోంది. గోడౌన్‌కి అక్కడి నుంచే వెళుతోంది. ఒకరోజు ప్యాకింగ్ లైన్లో ఒకావిడ ఈ కథ ఆవిడ ముందే, చేతులు ఊపుకుంటూ, నలుగురికీ చెబుతుంటే, అట్టపెట్టె మీద టేపు అంటిస్తున్న రత్నకుమారి తల తిప్పకుండా అంది:

"స్టవ్ కట్టెయ్యలేదు. పాలు నేనే పొంగించాను. ఆ ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఆడపడుచుకని వాడిచ్చిన చీర తీసుకోలేదు, అంతే."